తడిగుడ్డలో జొన్నలు

నాందేడ్, రైల్వే క్వార్టర్స్
18 నవంబరు 1974

అక్కకు ద్రౌపది నమస్కారాలు.

బావ చేత పంపిన జొన్నల సంచి అందింది. చాయ్ తాగి పొమ్మని అడిగాను. బండికి టైమైందని వెళ్లిపోయాడు. నేను తలుపు వెనక నిలబడి అడిగాను, బహుశా వినపడి ఉండదు. నవ్వకు.

ఒక సంగతి రాస్తున్నాను. చదివాక ఈ కాగితం పొయ్యిలో వెయ్యి. దసరా నుంచి ఈయన నీళ్లు తెగ తాగుతున్నారు. బిందె నింపిన గంటకే ఖాళీ. తిండి తింటున్నా చొక్కా వదులైపోయింది. పెరట్లో ఆయన ఒంటికి పోయే మూలకు చీమలు బారులు కట్టాయి. మందు చల్లాను, మర్నాటికి మళ్లీ వచ్చాయి. చీమల సంగతి ఆయనతో చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

స్టేషను దగ్గర ఒక డాక్టరున్నాడు. వంట చేసేది నేనే కదా అని నన్నూ తీసుకుపోయారు. ఆ డాక్టరు గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఆయన ఉచ్చ నాలుగు చుక్కలు కలిపి దీపం మీద కాచాడు. నీలంగానే ఉంటే జబ్బు లేనట్టు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం, పసుపైతే ఎక్కువ. చూస్తుండగానే ఆకుపచ్చ దాటింది, పసుపు దాటింది, కాల్చిన ఇటుక రంగు తేలింది. షుగరు, అక్కా. ఆయనకు ముప్పై ఒక్కటే.

మాత్రలు ఇచ్చాడు. అన్నం బంద్, బెల్లం బంద్, చాయ్‌లో చక్కెర బంద్ అన్నాడు. పూటకు రెండు జొన్నరొట్టెలు, వాటితో పచ్చి మెంతికూరలో మొలకెత్తిన పెసలు కలిపి గిన్నెడు తినిపించమన్నాడు. అంతా మరాఠీలో గబగబా చెప్పి, “సమజ్‌లా కా బాయీ?” అంటే అర్థమైందా అని నా వైపు చూశాడు. తల ఊపాను. పెసలు ఎన్ని గంటలు నానాలి, ఆకు ఎంత, గింజ ఎంత, ఏదీ అడగలేదు. నోరు రాలేదు.

ఫిబ్రవరిలో రైల్వే డాక్టరు పరీక్ష ఉంది. ఈయన కేబిన్‌లో పట్టాలు మార్చే లీవర్లు లాగుతారు కదా, అక్కడ తల తిరిగే జబ్బున్న మనిషిని ఉంచరట. ఆ రోజు మళ్లీ ఇటుక రంగు వస్తే కేబిన్ దింపేస్తారు. తర్వాత ఎక్కడికి పంపుతారో, ఏం పని ఇస్తారో తెలియదు.

అన్నిటికన్నా పెద్ద భయం ఇంట్లోనే ఉంది. మా మామ ఈ జబ్బుతోనే కాలు కుళ్లి పోయాడు. “అమ్మకు తెల్వద్దు. తెలిస్తే ఆమె బతకది,” అని ఈయన నా చేత ఒట్టు వేయించుకున్నారు. పెసలు, పప్పులు ఉన్న అల్మారీకి అత్తమ్మ తాళం వేస్తుంది. తాళంచెవి ఆమె కొంగుకు ఉంటుంది. ఎందుకని అడిగితే ఏం చెప్పను? బయట కొందామంటే బజారుకు వెళ్లేది కూడా ఆమే.

మన నాయన సెలవుల్లో పలక మీద మనిద్దరికీ నేర్పిన తెలుగు ఇప్పుడు పనికొచ్చింది. ఈ ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు. ఏం చేయాలో రాయి.

నీ చెల్లెలు
ద్రౌపది


కర్ఖేలి
26 నవంబరు 1974

చెల్లె ద్రౌపదికి, మీ అక్క చంద్రభాగ దీవెనలు.

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. వేసే ముందు మూడుసార్లు చదివాను. మీ బావ “ఏం రాసింది?” అంటే “జొన్నలు బాగున్నయట” అని చెప్పాను.

ముందు ఏడుపు ఆపు. కాగితం మీద అక్షరాలు రెండు చోట్ల అలుక్కుపోయి ఉన్నాయి, నాకు కనపడదనుకున్నావా?

పచ్చి మెంతికూర ఏమంత కొత్త సంగతి? ఇక్కడ చేనుకు పోయినప్పుడు రొట్టెలోకి అదే కదా. లేత ఆకు గిల్లు, కాడ వద్దు. మూడు నీళ్లు కడుగు, మట్టి ఉంటే పన్ను కలుక్కుమంటుంది. సన్నగా తరిగి, ఉప్పు చల్లి వేళ్లతో మెల్లగా నలుపు. చేదు దిగుతుంది. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, వేయించి దంచిన పల్లీల పొడి వేసి నిమ్మకాయ పిండు. బెల్లం వేయకు, అలవాటులో చెయ్యి పోతుంది.

పెసలు దొరకకపోతే జొన్న గుడాలు చెయ్యి. నువ్వేమో చిన్నప్పటి నుంచీ భోకర్‌లో అమ్మమ్మ దగ్గర ఉండి బడికి పోయినదానివి, గుడాలైనా తెలుసో లేదో. రాత్రి నానబెట్టి, తెల్లవారి ఉప్పేసి మెత్తగా ఉడకబెట్టాలి. నీళ్లు వంచి, చల్లారాక ఆకులో కలుపు. కడుపు నిండుతుంది, పళ్లకు పని దొరుకుతుంది.

నా మాట వింటే మీ అత్తకు చెప్పేయడం మేలు. ఆమె మొగుణ్ణి పోగొట్టుకొని కూడా నిలబడ్డ మనిషి. కానీ ఒట్టు వేసింది నువ్వు, సంసారం నీది.

మరిదిని అడిగానని చెప్పు. చెప్పేటప్పుడు తలుపు ముందుకు వచ్చి చెప్పు.

చంద్రభాగ


నాందేడ్
9 డిసెంబరు 1974

అక్కా,

నువ్వు చెప్పినట్టు చేశాను. మొదటి రోజు మెంతికూర అంతా నలిపేస్తే పచ్చడిలా అయింది. ఆయన ఎలాగో తిన్నారు. రెండో రోజు మెల్లగా నలిపాను. గిన్నె తుడుచుకుని తిన్నారు. మూడో రోజు డ్యూటీకి పోతూ గడప దగ్గర ఆగి “నిమ్మకాయ జర ఎక్కువెయ్యి,” అన్నారు. పెళ్లయి ఏడాదిన్నర అయింది, వంట గురించి ఆయన నాతో అన్న మొదటి మాట అది. పగలంతా అదే గుర్తు చేసుకున్నాను.

అత్తమ్మ మాత్రం ఊరుకోవడం లేదు. “ఏందే గిది? మేకకు రొట్ట ఏసినట్టు నా కొడుక్కి పచ్చి ఆకులేస్తున్నవ్? పొయ్యిల కట్టెలు లెవ్వా, నీ చేతుల సత్తువ లేదా?” అంది. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆయనే అందుకుని “కేబిన్ల అందరు గిట్లనే తింటున్నరమ్మా, దమ్ముంటదట,” అన్నారు. “అయితే గడ్డి గూడ తినుండ్రి, ఎడ్ల లెక్క బండి గుంజుతరు,” అని ఆమె లేచి వెళ్లిపోయింది. నాకు భయంలోనూ నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

గుడాలు కుదరలేదక్కా. చలికి అత్తమ్మ పొద్దున్న లేచింది మొదలు పొయ్యి దగ్గరే కూర్చుంటుంది. ఏ గిన్నె ఎందుకు ఎక్కిందో చెప్పకుండా పొయ్యి మీద ఏదీ పెట్టలేను. ఆకు సంగతైతే కేబిన్ పేరు చెప్పి నెగ్గాం, జొన్నలు కూడా ఉడికిస్తే “రొట్టె ఉండంగ గుడాలెందుకు?” అని గుచ్చి గుచ్చి అడుగుతుంది. నాకు అబద్ధం చెప్పడం రాదు, ముఖం చెప్పేస్తుంది.

అయినా మొలకలకు వేరే దారి చూసుకున్నాను. అది తర్వాత రాస్తాను. కుదిరితే నువ్వే మెచ్చుకుంటావు.

పక్క క్వార్టరులోకి వరంగల్ వైపు నుంచి కొత్తవాళ్లు వచ్చారు. పార్సిల్ క్లర్కు అనంతరాములు గారు, ఆయన భార్య ఆండాళ్. ఆమె తెలుగు వారపత్రిక తెప్పించుకుని గట్టిగా చదువుతుంది, గోడ ఇవతలికి వినపడుతుంది. కనుక నువ్వు ఇకపై ఇన్‌లాండ్ కవరులోనే రాయి, అంచులు బాగా అంటించు. కార్డు మాత్రం ఎప్పుడూ రాయవద్దు. ఒట్టు.

ద్రౌపది


కర్ఖేలి
16 డిసెంబరు 1974

చెల్లె,

నిమ్మకాయ సంగతి చదివి నేనూ పగలంతా నవ్వుకున్నాను. ఏడాదిన్నరకు ఒక మాటైతే, పిల్లలు పుట్టేనాటికి ఎన్ని మాటలవుతాయో లెక్కపెట్టుకో.

మొలకలకు దారి చూసుకున్నానన్నావు. ఏం దారి? అల్మారీ తాళం తీయకుండా పెసలు ఎక్కడివి? ఆండాళ్‌ను అడిగావా? రాయి. నువ్వు చెప్పకుండా దాచిందేదీ ఇంతవరకు మంచిగా కాలేదు. అమ్మమ్మ ఇంట్లో పిల్లి పిల్లలను బియ్యం కుండలో దాచింది నువ్వే.

మీ బావ తమ్ముడి పెళ్లికి అందరం బిలోలి పోతున్నాం. నెలాఖరు దాకా అక్కడే. నీ ఉత్తరం వస్తే ఇంటి గూట్లో ఉంటుంది, రాగానే చూస్తాను.

చంద్రభాగ


నాందేడ్
27 డిసెంబరు 1974

అక్కా,

నువ్వు బిలోలిలో ఉంటావని తెలిసే రాస్తున్నాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా ఊపిరి ఆడడం లేదు.

ఆయనకు తగ్గడం లేదు, ఎక్కువవుతోంది. పది రోజుల నుంచి తిన్న గంటకల్లా తల తిరుగుతోందంటున్నారు. తలనొప్పి. రెండుసార్లు వాంతి చేసుకున్నారు. మొన్న సాయంత్రం కేబిన్‌లో ఆయాసం వచ్చి లీవరు పట్టుకుని అలాగే నిలబడిపోయారట. తోటి మనిషి గంగారాం కూర్చోబెట్టి, తనే ఆ పని చూశాడట. అతను మంచివాడు, ఎవరికీ చెప్పలేదు. రెండోసారి అయితే చెప్పక తప్పదు కదా.

“షుగరు నెత్తికెక్కింది ద్రౌపదీ,” అని ఆయన మెల్లగా అన్నారు. నా పేరు పెట్టి పిలిచారు. ఆ పిలుపు ఇంకో రోజున ఎందుకు రాలేదా అనిపించింది.

డాక్టరు సెలవు మీద ఊరికి వెళ్లాడు, తలుపుకు తాళం ఉంది. జనవరి పదికి వస్తాడట.

ఇప్పుడు నేను దాచింది చెబుతాను. పెసలు దొరకలేదు కనుక నువ్వు పంపిన జొన్నలే మొలకెత్తించాను. అది మూలనున్న సంచే కదా, పిండికని రోజూ దానిలో చెయ్యి పెడతాను, ఎవరూ అడగరు. గుప్పెడు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, నీళ్ల కుండ వెనక పెట్టాను. అది చీకటి మూల, అత్తమ్మ నడుము వంగదు, అటు చూడదు. మూడో రోజుకు తెల్లగా మొలిచాయి. ఇంకో నాలుగు రోజులు నీళ్లు చల్లి కిటికీ సందున ఆరబెట్టిన గుడ్డల చాటున ఉంచితే వేలంత పొడవు లేచి పచ్చగా ఆకు విప్పాయి. ఎంత ముద్దుగా ఉన్నాయో! డాక్టరు చెప్పిన మొలకా, ఆకూ రెండూ ఒక్కదాంట్లోనే దొరికాయని సంతోషపడ్డాను. సన్నగా తరిగి మెంతికూరలో కలిపితే ఏది ఏదో తెలియదు కూడా. వరసగా మూటలు కట్టాను, ఒకటి అయిపోయేసరికి ఇంకొకటి సిద్ధం.

మొదట చిటికెడు వేసేదాన్ని. ఆయనకు ఎక్కువవుతోందని ఇప్పుడు గుప్పెడు వేస్తున్నాను. చేదని ఆయన అనరు, నేను చేశానని తింటారు. రేపటి నుంచి రెండు గుప్పెళ్లు వేద్దామనుకుంటున్నాను. గిన్నెడు తినిపించమని డాక్టరు అన్నాడు కదా, ఆకు ఎంత తింటే షుగరు అంత తగ్గుతుందని నాకు తోచింది. ఫిబ్రవరి పరీక్షకు యాభై రోజులే ఉంది.

అత్తమ్మ నిన్న ఆయన ముఖం చూసి, “కళ్ల కింద నల్లగైనయ్, ఏందిరా?” అంది. చలి అన్నారు ఆయన. ఆమె చాలాసేపు ఆయన కాళ్ల వైపు చూసింది. ముఖం వైపు కాదు అక్కా, కాళ్ల వైపు.

నేను ఏదైనా తప్పు చేస్తున్నానా? త్వరగా రాయి.

ద్రౌపది


(కార్డు)
కర్ఖేలి
4 జనవరి 1975

ఈ కార్డు ఎవరి చేతికి అందినా వెంటనే చదివి ద్రౌపదికి చెప్పండి. ద్రౌపదీ, నీ మొగుడు మారోతికి జొన్న మొలకలు పెట్టకు. పచ్చి జొన్న మొలక విషం. ఎడ్లే పడి చస్తాయి. ఉన్నవన్నీ మట్టిలో పాతెయ్యి, మేకలకు కూడా వేయకు. ఆయనకు తల తిరగడం షుగరుతో కాదు, దీనితోనే కావచ్చు. ఏ డాక్టరు దొరికితే ఆ డాక్టరుకు చూపించు. సిగ్గుపడకు. నన్ను తర్వాత తిట్టుకో.

చంద్రభాగ


నాందేడ్
11 జనవరి 1975

అక్కకు,

ఆయన బాగున్నారు. ముందు అది రాస్తున్నాను, నీ ప్రాణం కుదుటపడుతుందని. మిగతాది మెల్లగా చదువు.

నీ కార్డు మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. నేను పిండి పట్టించే గిర్నీకి పోయి వరుసలో ఉన్నాను. పోస్టుమన్ కార్డు అత్తమ్మ చేతిలో పెట్టాడు. ఎవరికైనా కీడు జరిగితేనే కార్డు వస్తుందని ఆమె నమ్మకం. వెంటనే ఆండాళ్ దగ్గరికి తీసుకుపోయింది.

నేను డబ్బా నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. ఆండాళ్ గోడ దగ్గర కార్డు పట్టుకుని నిలబడి ఉంది, ముఖం తెల్లబోయింది. “మీ అత్తమ్మ కేబిన్ దిక్కు ఉరికింది. నువ్వు జొన్న మొలకలేమన్న పెట్టినవా అమ్మా?” అంది. కార్డు నా చేతికిచ్చింది. సగం చదివేసరికి పిండి డబ్బా నేలమీద ఉంది. ఎప్పుడు దించానో తెలియదు. మూటలు చాలక అప్పటిదాకా గుప్పెడే వేశాను, ఆయన టిఫిను డబ్బాలో ఆ పొద్దున్నే మొదటిసారి రెండు గుప్పెళ్లు వేశాను, అక్కా. రెండు.

నేను ఏనాడూ స్టేషను వైపు ఒంటరిగా పోలేదు. ఆ రోజు కొంగు ఎక్కడుందో చూడకుండా పట్టాల పక్కన కంకర మీద ఉరికాను. ముందు అత్తమ్మ కనపడింది. నడుము వంగదని అన్నానే, ఆమె చెప్పులు చేత పట్టుకుని “మారోతీ! ముద్ద మింగకురా!” అని అరుస్తూ పోతోంది. పట్టాలు బాగుచేసే గ్యాంగు మనుషులు పారలు ఆపి చూస్తున్నారు. కేబిన్ మెట్లు రెండు చేతులతో పట్టుకుని ఎక్కింది.

ఆయన అప్పుడే డబ్బా మూత తీసి రొట్టె తుంచారు. రెండు ముద్దలు తిన్నారు. అత్తమ్మ డబ్బా లాక్కుని కిటికీలోంచి కిందికి విసిరేసింది. ఆకంతా కంకర మీద పడింది. గంగారాం నోరు తెరిచి చూస్తున్నాడు.

డాక్టరు ఇంకా రాలేదు కనుక ముగ్గురం రిక్షాలో పెద్ద దవాఖానాకు పోయాం. అక్కడి డాక్టరు అడిగితే ఈసారి నేనే చెప్పాను. ఎన్ని రోజులు, ఎంత పొడవు మొలకలు, ఎన్ని గుప్పెళ్లు, అన్నీ చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఉప్పునీళ్లు తాగించి కక్కించాడు. చీకటి పడేదాకా కూర్చోబెట్టి, నాడి చూసి పంపించాడు. “డబ్బా మొత్తం తిని ఉంటే నేనేమీ అనలేను,” అన్నాడు. ఆ మాట నిద్రలో కూడా వినపడుతోంది. ఆ రోజు నుంచి తల తిరగలేదు, వాంతి లేదు.

ఇంటికి వచ్చాక ఏమవుతుందో అని వణికాను. అత్తమ్మ మమ్మల్నిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టింది.

“షుగరా?” అంది. ఆయన తల దించుకున్నారు.

“ఎన్నాళ్ల సంది?”

“కార్తీకం సంది అమ్మా. నువ్వు భయపడ్తవని…”

“మీ అయ్య గూడ గట్లనే అన్నడు. నేను భయపడ్తనని రెండేండ్లు దాసిండు. డాక్టరు తీపి ముట్టొద్దన్నడట. నాకెరుకనా? మనిషి చిక్కిపోతుండని, పొద్దుకొక్క మలీద చేసి పెట్టిన. రొట్టె నలిపి, బెల్లమేసి, నెయ్యేసి, ఈ చేతులతోని. కాలు తీసేసినంక చెప్పిండ్రు.” చేతులు రెండూ ముందుకు చాచి మాకు చూపించింది. “ఇప్పుడు నువ్వు గీ పిల్లతోని దాపిచ్చినవ్. నేను తాళమేసుకొని కూసున్న, ఇది కుండ ఎన్క ఇసం మొలిపిచ్చింది. చెప్తే నేను సచ్చిపోదునా మారోతీ? చెప్పకనే గద మీ అయ్య పాయె.”

ఆయన ఏడ్చారు. నేను ఆయన ఏడవడం చూడలేదు ఎప్పుడూ.

తర్వాత నా వైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను. కొంగు ముడి విప్పి తాళంచెవి నా ఒళ్లో పడేసింది. “పెసలు కింది అరల ఉన్నయ్. నోరు లేదా నీకు?” అంది. నాలుగు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

అక్కా, కార్డు రాయవద్దని నీకు ఒట్టు పెట్టాను. ఇప్పుడు క్వార్టర్సులో అందరికీ ఆయన జబ్బు తెలుసు. నీళ్ల పంపు దగ్గర నన్ను చూసి మాటలు ఆపేస్తున్నారు. మొగుడికి విషం పెట్టిందని ఎవరో అన్నారని ఆండాళ్ చెప్పింది. నీ మీద కోపం వచ్చింది. కవరైతే నేను ఇంటికి వచ్చేదాకా విప్పకుండా బొట్టు పెట్టె మీద పడి ఉండేది. ఆయన డబ్బా ఖాళీ అయ్యేది. అది తెలిసి కూడా కోపం వచ్చింది. అబద్ధం రాయడం ఇష్టం లేక రాస్తున్నాను.

పరీక్షకు నెల ఉంది. అన్నీ మళ్లీ మొదటినుంచి.

ద్రౌపది


కర్ఖేలి
19 జనవరి 1975

చెల్లె,

కోప్పడు. నీ మొగుడు కూర్చుని రొట్టె తింటుంటే నువ్వు ఎంత కోప్పడినా నేను పడతాను.

బిలోలి నుంచి వచ్చి గూట్లో నీ ఉత్తరం చూశాను. దానిమీద ముద్ర తేదీ చూసి, ఇన్ని రోజులు రోజుకో గుప్పెడు అని వేళ్లమీద లెక్కపెట్టాను. మీ బావ ఊళ్లో లేడు. పోస్టు పెట్టె తీసే వేళ అయింది. ఇంట్లో ఇన్‌లాండ్ ఉంది ద్రౌపదీ, గూట్లోనే ఉంది. చేతిలోకి తీసుకున్నాను కూడా. కవరైతే నువ్వొక్కదానివే తెరుస్తావు, నువ్వు ఇంట్లో లేకపోతే ఎవరూ తెరవరు. అది పక్కన పెట్టి కార్డు రాశాను. తెలిసే రాశాను.

తప్పు నాది కూడా. కరువు సంవత్సరం నువ్వు భోకర్‌లో ఉన్నావు. ఆ ఏడు వాన లేక జొన్న జానెడెత్తున ఎండిపోయింది. ఒక జల్లు పడగానే మొదళ్ల నుంచి పచ్చగా పిలకలు లేచాయి. ఆకలి మీదున్న మన ఎర్రెద్దు తాడు తెంపుకుని పోయి మేసింది. పావుగంటలో నోట నురగ కక్కి పడిపోయింది. నాయన చింతపండు నీళ్లు, మజ్జిగ పోశాడు, ఆగలేదు. ఇక్కడ పశువులు కాసే ప్రతివాళ్లకూ ఇది తెలుసు, అందుకే నీకు చెప్పాలని నాకు తోచలేదు. జొన్న గింజ అమ్మ, జొన్న రొట్టె అమ్మ, జొన్న మొలక మాత్రం కాదు. ఎద్దు చచ్చిన సంగతి నీకు ఎవరూ రాయలేదు. బడికి పోయే పిల్ల, బెంగపడుతుందని. మనం కూడా దాచేవాళ్లమే.

ఇక చెయ్యవలసింది విను. పెసలు పొద్దున నానబెట్టి, సాయంత్రం మూట కట్టి, మర్నాడు తోక చిన్నగా కనపడగానే వాడు. జొన్నలు ఉడకబెట్టు, గింజ పగిలేదాకా. మెంతికూర ఆకు నువ్వు ఎలాగూ నేర్చుకున్నావు. మూడూ కలిపి నిమ్మకాయ పిండు. అందరూ చూస్తుండగా పొయ్యి మీద ఉడికించు.

పంపు దగ్గరివాళ్లకు నాలుగు రోజుల్లో ఇంకో కబురు దొరుకుతుంది.

చంద్రభాగ


(కార్డు)
నాందేడ్
18 ఫిబ్రవరి 1975

అక్కకు,

నిన్న రైల్వే డాక్టరు పరీక్ష అయింది. అత్తమ్మ కూడా వస్తానని పట్టుబట్టింది. గొట్టం దీపం మీద పెట్టినప్పుడు మేము తలుపు దగ్గర నిలబడ్డాం. నీలం తగ్గింది. ఆకుపచ్చ వచ్చింది. ఇక పసుపు వస్తుందని నేను కళ్లు మూసుకున్నాను. అత్తమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, గోళ్లు దిగాయి. తెరిచి చూస్తే ఆకుపచ్చ దగ్గరే ఆగి ఉంది. పూర్తిగా పోలేదట. కేబిన్‌లోనే ఉంచారు, మూడు నెలలకోసారి చూపించుకోవాలి. మళ్లీ మూడు నెలల భయం అన్నమాట. కానీ ఈసారి ముగ్గురం భయపడతాం.

పెసలు ఇప్పుడు అత్తమ్మే మూట కడుతుంది. మూట నీళ్ల కుండ వెనక కాదు, గడప పక్కన మేకుకు వేలాడదీస్తుంది. వచ్చినవాళ్లందరికీ చూపించి “పెసలు, జొన్నలు గావు,” అని చెబుతుంది. నాకు సిగ్గుగా ఉంటుంది. మొన్న గిన్నెలోంచి తనూ గుప్పెడు తీసుకుని నమిలి “మేకలకు తెలివున్నది,” అంది. ఆయన నవ్వారు.

ఈ కార్డు రాస్తుంటే ఆమె పక్కన కూర్చుంది. నీకు ఒక మాట రాయమంటోంది, ఆమె చెప్పినట్టే రాస్తున్నాను: “మీ అక్కకు రాయి. ఆమెకు నా దండం. ఇగ మీదట గూడ కార్డు మీదనే రాయమను.”

ద్రౌపది